అవుట్‌లుక్ పనుల జాబితాను ప్రోగ్రాం ద్వారా చదవడం – విస్తరణ కార్యక్రమాలలో గమనించవలసిన అంశాలు

ప్రథమ శ్రేణి ప్రదర్శనా క్షేత్రాల సందర్శన తేదీలను పలువురు విస్తరణ శాస్త్రవేత్తలు మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్‌లోని టాస్కుల జాబితాలో నమోదు చేసుకుంటారు. పత్తిలో లింగాకర్షక బుట్టల ద్వారా గులాబీ రంగు పురుగు ఉనికిని లెక్కించవలసిన వారం దాటిపోతే ఆ సమాచారాన్ని తిరిగి సేకరించే వీలుండదు. కాబట్టి గడువు మీరిన పనులను ప్రోగ్రాం ద్వారా వెలికితీసే పద్ధతి, అందులో ఎదురయ్యే చిక్కులు ఈ వ్యాసంలో వివరించడమైనది.

క్లాసిక్ అవుట్‌లుక్‌లోని సమాచారాన్ని విజువల్ బేసిక్ ద్వారా గానీ, పైథాన్ ద్వారా గానీ చదవవచ్చు. ముందుగా ‘మాపి’ అనే నేమ్‌స్పేస్‌ను పొంది, ‘గెట్ డిఫాల్ట్ ఫోల్డర్’ అనే ఆదేశానికి 13 అనే సంఖ్యను ఇచ్చినచో టాస్కుల ఫోల్డర్ లభిస్తుంది. 28 ఇచ్చినచో చేయవలసిన పనులన్నీ, అనగా జెండా గుర్తు పెట్టిన మెయిళ్ళతో సహా వస్తాయి. మెయిల్‌కు ‘డ్యూ డేట్’ అనే లక్షణం ఉండదు. ‘టాస్క్ డ్యూ డేట్’ ఉంటుంది. ఈ భేదాన్ని విస్మరిస్తే ప్రోగ్రాం మధ్యలోనే ఆగిపోతుంది. కావున ప్రతి అంశపు ‘క్లాస్’ విలువను ముందుగా పరీక్షించాలి. అది టాస్కుకు 48, మెయిల్‌కు 43.

అన్నింటికంటే మోసపుచ్చేది గడువు లేని పని. తేదీ ఇవ్వని టాస్కుకు అవుట్‌లుక్ ఖాళీ విలువను చూపదు. 4501 జనవరి 1వ తేదీని చూపుతుంది. ‘నేటి కంటే ముందు గడువు ఉన్నవి’ అని వడపోసినప్పుడు ఇట్టి పనులు ఏనాడూ బయటపడవు. తొందరలో తేదీ వేయకుండా వదిలిన క్షేత్ర సందర్శనే తరచుగా మరుగున పడేది కూడా. పైగా పాండాస్ నానోసెకన్ల కొలతలో 2262 సంవత్సరం దాటిన తేదీలను స్వీకరించదు. తప్పులను ఖాళీలుగా మార్చమని ఆదేశిస్తే పని సాగుతుంది గానీ, ఆ ఖాళీలను విడిగా లెక్కించి నివేదికలో చూపడం తప్పనిసరి అని మా అభిప్రాయం.

పని స్థితి 0 నుండి 4 వరకు గల సంఖ్యలుగా వస్తుంది: ప్రారంభించనిది 0, జరుగుతున్నది 1, పూర్తయినది 2, ఇతరుల కోసం వేచి ఉన్నది 3, వాయిదా పడినది 4. వారం వారం పునరావృతమయ్యే టాస్కుల విషయంలో మరొక పరిమితి ఉన్నది. క్యాలెండర్ సమావేశాల వలె రాబోయే తేదీలన్నీ ముందుగా కనిపించవు. ఒకటి పూర్తయినట్లు గుర్తించిన తరువాతనే తదుపరిది ఏర్పడుతుంది. కనుక సీజను మొత్తానికి మిగిలిన బుట్టల లెక్కింపులు ఎన్నో ఈ జాబితా నుండి నేరుగా తెలియదు. వాటిని విడివిడి టాస్కులుగా నమోదు చేయడమే మేలు.

కొత్త అవుట్‌లుక్‌లో పై పద్ధతి పనిచేయదు. అచ్చట మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ ద్వారా టు డూ జాబితాలను, తరువాత ఒక్కొక్క జాబితాలోని పనులను కోరవలసి ఉంటుంది. చదవడానికి ‘టాస్క్స్ రీడ్’ అనుమతి చాలు; మార్పులు చేసే అనుమతి కోరరాదు. సమాధానం పుటలుగా వచ్చినప్పుడు ‘నెక్స్ట్‌లింక్’ ఉన్నంతవరకు అడుగుతూనే ఉండాలి, లేనిచో మొదటి పుటతోనే జాబితా ముగిసినట్లు భ్రమ కలుగుతుంది. గడువుతో పాటు కాలమండలం విడిగా వస్తుంది. భారత కాలమానంలో అర్ధరాత్రి 12 గంటలు అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో ముందురోజు సాయంత్రం 6.30 గంటలు. మార్పిడి చేయకుండా తేదీని మాత్రమే కత్తిరించి తీసుకుంటే క్షేత్ర సందర్శన ఒకరోజు ముందుకు జరుగుతుంది.