లినక్స్‌తో తొలి అడుగులు

"అన్నా, ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలంటే ఖరీదైన ల్యాప్‌టాప్ కొనాలా?" కంప్యూటర్ కోర్సులో చేరిన తమ్ముళ్లు మమ్మల్ని కలిసినప్పుడల్లా అడిగే ప్రశ్న ఇది. అవసరం లేదు. ఈ హాస్టల్లో ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకొని చదివిన మేము, ఇంజనీరింగ్‌లో నలుగురం డబ్బులు పోగుచేసి కొన్న ఒక పాత కంప్యూటర్‌తోనే మొదలుపెట్టాం. మేము నేర్చుకున్నదీ, పొరపాటు చేసిందీ మీకు చెప్పాలనే ఈ వ్యాసం.

లినక్స్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. దానికి గుండెకాయ వంటిది కెర్నెల్. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను రాశాడు. అప్పటికే, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు కంపైలర్ వంటి పనిముట్లను సిద్ధం చేసింది. ఈ రెండూ కలిస్తేనే మనం వాడే లినక్స్. దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, కోడ్ చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ లినక్స్ కెర్నెలే.

ఎలా మొదలుపెట్టాలి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. చాలా పాత కంప్యూటర్లకు విండోస్ 11 ఎక్కదు. అలాంటి వాటిలో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ చక్కగా పనిచేస్తుంది. 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే, ఇన్‌స్టాల్ చేయకుండానే లైవ్ పద్ధతిలో వాడి చూడవచ్చు. నచ్చిన తరువాతే ఇన్‌స్టాల్ చేయండి.

మేము చేసిన పొరపాటు

మేము ఆ ఓపిక పట్టలేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "మొత్తం డిస్కును చెరిపివేయాలా?" అని అడిగితే, చదవకుండా సరే అన్నాం. అందులో మా రూమ్మేట్ ప్రాజెక్టు రిపోర్టు ఉంది. వారంలో సమర్పించాలి. మూడు రాత్రులు వంతులవారీగా కూర్చొని మళ్లీ టైపు చేశాం. అతడు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. కాబట్టి తమ్ముళ్లూ, ముందుగా ఫైళ్లన్నీ వేరేచోట దాచుకోండి. తెర మీద అడిగే ప్రతి ప్రశ్ననూ చదివాకే జవాబివ్వండి.

మొదటి ప్రోగ్రామ్

లినక్స్‌లో సీ భాషకు జీసీసీ అనే కంపైలర్ ఉంది. కాలేజీ ల్యాబ్‌లో టర్బో సీ నీలి తెర మీద రాసిన ప్రోగ్రామ్‌నే ఇందులో ఎక్కించాం. ఎర్రర్ వచ్చింది! భయపడి కంప్యూటర్ కట్టేశాం. మరునాడు నిదానంగా చదివితే, "కోనియో డాట్ హెచ్ అనే ఫైలు దొరకలేదు" అని స్పష్టంగా ఉంది. ఎన్నో లైనులో ఉందో కూడా చెప్పింది. అది టర్బో సీకి చెందిన ఫైలు. ఆ లైనునూ, దాని మీద ఆధారపడిన క్లియర్‌స్క్రీన్, గెట్‌సీహెచ్ లైన్లనూ తీసేసి, వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ అని రాశాం. ప్రోగ్రామ్ నడిచింది.

ఆరోజు మాకు ఒక విషయం అర్థమైంది. ఎర్రర్ అంటే తిట్టు కాదు, దారి చూపే మాట. తెలుగు మీడియంలో చదివిన మనకు ఆ ఇంగ్లీషు చూస్తే జంకు కలుగుతుంది. కానీ తిరిగి తిరిగి వచ్చేవి కొన్ని మాటలే. వాటిని ఒక నోటుబుక్కులో తెలుగు అర్థంతో రాసుకోండి. మేము అలాగే నేర్చుకున్నాం.

టెర్మినల్‌లో మొదట నాలుగు కమాండ్లు చాలు. ఎక్కడున్నామో చెప్పేది పీడబ్ల్యూడీ. అక్కడున్న ఫైళ్లను చూపేది ఎల్ఎస్. మరో ఫోల్డర్‌లోకి వెళ్లడానికి సీడీ. కొత్త ఫోల్డర్ చేయడానికి ఎంకేడిర్. ఫైళ్లను చెరిపే ఆర్ఎంతో మాత్రం జాగ్రత్త, అది చెరిపినవి రీసైకిల్ బిన్‌లోకి పోవు.

కంప్యూటరే లేనివారు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే ఉచిత యాప్ వేసుకుంటే ఈ కమాండ్లు, పైథాన్ సాధన చేయవచ్చు.

మాకు ఆనాడు చెప్పేవారు లేరు. మీకు మేమున్నాం. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మింట్ వేసి తెస్తాం. సభ అయ్యాక మొహమాటపడకుండా వచ్చి అడగండి.