తాళంచెవి పోయిన పెట్టెలు

తాళపత్రంపై గంటంతో వ్రాసిన పద్యాన్ని చదవడానికి కన్నూ, లిపిజ్ఞానమూ ఉంటే చాలును. గ్రామఫోను పలకలోని పాటను వినడానికి మాత్రం యంత్రం కావలెను. యంత్రం లేనినాడు, పలక చెక్కుచెదరకున్నా, పాట మూగపోతుంది. విద్య యంత్రాల కెక్కినకొద్దీ ఈ పరాధీనత పెరుగుతూనే వచ్చింది. ఇందుకు ఫ్లాష్ కథ చక్కని నిదర్శనం.

ఇంటర్నెట్టులోని పుటలను మనకు చదివి చూపే సాధనం బ్రౌజరు. 1990 దశకంలోని బ్రౌజర్లు అక్షరాలనూ, నిశ్చలచిత్రాలనూ బాగుగా చూపగలిగేవి గాని, బొమ్మను కదిలిస్తూ, దానికి మాటనూ పాటనూ జతపరచి, చూచేవాని చేష్టకు బదులు పలికించడం వాటికి స్వయంగా చేతనయ్యేది కాదు. ఆ లోటును ప్లగిన్లనే అనుబంధ సాధనాలు తీర్చినవి. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ పేరుతో వెలువడిన ఒక సాధనాన్ని మాక్రోమీడియా సంస్థ కొని, ఫ్లాష్ అని పేరు మార్చింది. 2005లో మాక్రోమీడియానే అడోబీ సంస్థ కొన్నది.

ఫ్లాష్ ఇంతగా వ్యాపించడానికి కారణం దాని పొదుపు. బొమ్మలోని ప్రతి చుక్కనూ దాచుకొనక, ఏ గీత ఎక్కడ మొదలై ఎట్లు వంగి ఎక్కడ ముగియునో గణితరూపంలో వ్రాసుకొనడం దాని పద్ధతి. అందుచేత టెలిఫోను తీగలపై నత్తనడక నడిచే ఆనాటి ఇంటర్నెట్టులో సైతం బొమ్మలు త్వరగా చేరేవి. గుండె కొట్టుకొనే తీరు, లోలకం ఊగే తీరు, గ్రహాలు సూర్యుని చుట్టూ తిరిగే తీరు—నల్లబల్లపై సుద్దముక్కతో చూపజాలని వాటినెన్నింటినో ఉపాధ్యాయులు దీని సాయంతో చూపగలిగారు. 2005లో ఆరంభమైన యూట్యూబు సైతం తొలినాళ్ళలో తన చలనచిత్రాలను ఫ్లాష్ ద్వారానే చూపింది.

ఐతే ఈ పెట్టెకు తాళంచెవి ఒక్క సంస్థ చేతిలోనే ఉన్నది. పైగా అందులోని భద్రతాలోపాలు దుండగులకు దారులైనవి. చేతిఫోనుల బ్యాటరీకి అది భారమనే ఆక్షేపణ కూడా వచ్చింది. 2007లో వెలువడిన ఐఫోను ఫ్లాష్‌ను అసలే స్వీకరించలేదు. ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ 2010లో అందుకు తన కారణాలను బహిరంగంగా ప్రకటించాడు. ఇంతలో చిత్రాన్నీ ధ్వనినీ బ్రౌజరే స్వయంగా చూపగల హెచ్‌టీఎంఎల్ 5 సిద్ధమై, 2014లో ప్రమాణంగా స్థిరపడింది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనను చదివి అనుసరింపదగిన బహిరంగ నియమావళి. 2015లో యూట్యూబు దానినే తన ప్రధాన మార్గంగా గ్రహించింది. 2017లో అడోబీ ఫ్లాష్‌కు గడువు ప్రకటించింది. 2020 డిసెంబరు 31తో పోషణ ఆగింది; 2021 జనవరి 12 నుండి ఫ్లాష్ రచనలు నడువకుండ అడోబీయే అడ్డుకట్ట వేసింది. బ్రౌజర్లు కూడా దానిని తమలోనుండి తొలగించినవి.

భద్రత దృష్ట్యా ఈ నిర్ణయం సమంజసమే. కాని ఇరవై ఏళ్ళకు పైగా పోగైన పాఠాలు, ఆటలు, కదిలే కథలు ఎన్నో ఒక్కమారుగా ఖాళీ చతురస్రాలుగా మిగిలినవి. ఫైళ్ళు ఉన్నచోటనే ఉన్నవి. చదివే సాధనం మాత్రమే పోయింది.

ముందుచూపు గలవారు నష్టపోలేదు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో, నోబెల్ బహుమతి గ్రహీత కార్ల్ వీమన్ 2002లో నెలకొల్పిన ఫెట్ సంస్థ, భౌతికశాస్త్ర ప్రయోగాలను తెరపై చూపే పాఠాలను జావా, ఫ్లాష్‌లలో నిర్మించింది. కాలం మారుతున్నదని గ్రహించి, వాటిని క్రమంగా హెచ్‌టీఎంఎల్ 5లో తిరిగి రచిస్తూ వచ్చింది. ఇట్టి శ్రమకు ధనమూ మనుష్యులూ కావలెను. ఒంటరిగా పాఠాలు తయారుచేసిన ఉపాధ్యాయులకు ఆ వసతి ఎక్కడిది?

అట్టివారి కృషిని కాపాడడానికి కొందరు స్వచ్ఛందంగా పూనుకొన్నారు. ఫ్లాష్ పోకడలను అనుకరిస్తూ, పాత ఫైళ్ళను నేటి బ్రౌజరులో నడిపించే రఫుల్ అనే సాధనాన్ని నిర్మించారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 2020 నవంబరులో దాని తోడ్పాటుతో పాత ఫ్లాష్ రచనలను తిరిగి చూపనారంభించింది. సర్వరునుండి సమాచారం తెచ్చుకొనే రచనలు మాత్రం, ఆ సర్వరు మూతపడితే, అనుకరణ సాధనంతో సైతం పూర్తిగా బ్రతుకవు. పందొమ్మిదవ శతాబ్దిలో బ్రౌను దొర పండితులకు జీతమిచ్చి, శిథిలమవుతున్న తెలుగు ప్రతులను సేకరించి, పోల్చి, తిరిగి వ్రాయించిన పని ఇట్టిదే. అతని చేతికందినవి నిలిచినవి. అందక నశించినవాటిలో కొన్నింటి పేర్లు సైతం మనకు తెలియకపోవచ్చు.

నేడు పాఠశాలల్లో ఉపాధ్యాయులూ విద్యార్థులూ చిత్రాలతో, ధ్వనులతో పాఠాలు కూర్చుకొంటున్నారు. వాటిని ఏ సంస్థ తలుపు మూసినా తెరువగల బహిరంగ రూపంలో దాచుకొనడం మంచిది. తయారైన పాఠంతో పాటు దాని మూలచిత్రాలనూ, వ్రాతనూ వేరుగా భద్రపరచవలెను. మూలమున్నవారు పాత పాఠానికి కొత్త రూపమీయగలరు. ఏటేటా ఒకమారు వాటిని తెరచి చూచుకొనవలెను. తెరుచుకొననిది ఏదో అప్పుడే తెలిస్తే, దానిని మార్చుకొనడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.