లోపల పల్లీ ముద్ద... పైన చాక్లెట్ పూత

పిల్లలున్న ఇంట్లో చాక్లెట్ గొడవ లేని రోజుండదు. కొనిపెట్టకపోతే అలక. కొనిపెడితే అన్నం దగ్గర పేచీ. 'అన్నేసి డబ్బులు పోసి కొనేకన్నా మనమే చేసి పెడితే పోలా' అని ఎప్పుడో ఒకప్పుడు ప్రతి తల్లికీ అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

మా అక్క కూతురు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంటుంది. ఒక సంక్రాంతికి వచ్చినప్పుడు "పిన్నీ, మా దగ్గర క్రిస్మస్ వచ్చిందంటే ఇంటింటా ఇవే. చాలా తేలిక" అంటూ పల్లీ ముద్దని ఉండలు చేసి, కరిగించిన చాక్లెట్‌లో ముంచి చూపించింది. ఏళ్ల తరబడి నువ్వులుండలు, సున్నుండలు చుట్టిన చేతికి ఇదొక లెక్కా అనుకున్నాను. అది వెళ్లిపోయాక మా చిన్నదాని పుట్టినరోజుకి నేనే సొంతంగా మొదలుపెట్టాను.

మొదటిసారి చాక్లెట్ కాస్తా తడి ఇసకలా గడ్డకట్టి కూర్చుంది. రెండోసారి కుదిరాయి. ముప్ఫై ఉండలు, ఒకదాన్ని మించి ఒకటి మెరిసిపోతున్నాయి. మా చిన్నది పళ్లెం పట్టుకుని అపార్ట్‌మెంట్‌లో పిల్లలందరికీ పంచడానికి బయల్దేరింది. వెనకాలే నేను. కింది ఫ్లాట్ బాబు ఒకటి తీసుకుని నోటిదాకా తీసుకెళ్లాడు. వాళ్లమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇందులో పల్లీలేమన్నా ఉన్నాయా?"

ఉన్నాయి. పైకి కనబడేది చాక్లెట్టే, లోపలంతా పల్లీయే. ఆ బాబుకి పల్లీలు పడవు. రెండేళ్ల వయసులో ఇడ్లీతో ఒక్క ముద్ద పల్లీ చట్నీ తిని, మూతి వాచిపోయి, ఊపిరందక ఆస్పత్రి పాలయ్యాడట. ఆ సంగతి నాకు తెలియదు. తెలియకపోవడం కాదు, నేను అడగలేదు. ఆవిడ అడిగింది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమంతా నాకు కాళ్లలో వణుకు తగ్గలేదు.

అందుకే ఈ వంట చెప్పేముందు ఆ మాట చెప్పాను. ఇక చేసే పద్ధతికి వద్దాం.

మనకి కొత్తేం కాదు

పల్లీలంటారు తెలంగాణలో, వేరుశనగ గుళ్లంటారు కోస్తాలో, సీమలో చెనిక్కాయలు, బుడ్డలు అంటారు. పేరేదైనా పల్లీపట్టీ తిననివాళ్లు మనలో ఎవరు? అమెరికావాళ్లు బెల్లం పాకం బదులు చాక్లెట్ కలిపారు, అంతే తేడా. అక్కడ ఈ జోడీకి ఊరూరా పేరు తెచ్చినవాడు హెచ్.బి. రీస్. పెన్సిల్వేనియాలో హెర్షీ అనే ఊళ్లో, హెర్షీ చాక్లెట్ కంపెనీవాళ్ల పాడి క్షేత్రంలో పనిచేసినవాడు. పదహారుమంది పిల్లల తండ్రి! ఇల్లు గడవాలి కదా, ఇంటి కింద నేలమాళిగలో మిఠాయిలు చేయడం మొదలుపెట్టి, 1928లో చాక్లెట్ గిన్నెల్లో పల్లీ ముద్ద నింపి అమ్మాడు. ఆయన పోయాక 1963లో ఆ వ్యాపారం హెర్షీ కంపెనీలోనే కలిసిపోయింది. పదహారుమంది పిల్లల్ని కన్న ఆ ఇల్లాలి ఓపిక మాటేమిటో ఎవరూ అంతగా చెప్పరు, అది వేరే సంగతి.

ముందు పల్లీలు ఏరండి

డబ్బాలో దొరికే పీనట్ బటర్ కొనుక్కోవచ్చు. కానీ ఇంట్లో చేసుకుంటే ఏం వేశామో మనకి తెలుస్తుంది. 300 గ్రాముల పల్లీలు తీసుకుని ముందు చాటలో పోసి ఏరండి. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, పచ్చటి బూజు పట్టినవి నిర్దాక్షిణ్యంగా పారేయండి. 'వేయిస్తే పోతుందిలే' అనుకోవద్దు. తేమ తగిలిన పల్లీల మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయానికి చేటు. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. వేయించాక ఒక గింజ నమిలి చూడండి. చేదుగా ఉంటే ఆ పల్లీలు వాడొద్దు. చట్నీలో ఒక చేదు గింజ పడితే నోటికి తెలిసిపోతుంది. ఇక్కడ చాక్లెట్, పంచదార ఆ చేదుని కప్పేస్తాయి. పిల్లలకి తెలియదు.

ఏరినవాటిని బాణలిలో సన్నటి సెగ మీద పది, పన్నెండు నిమిషాలు వేయించి, చల్లారాక పొట్టు నలిపి చెరగండి. మిక్సీలో వేయండి. మొదట పొడవుతుంది. తర్వాత జార్ అంచులకి అంటుకునే ముద్దవుతుంది. ఇక్కడే చాలామంది 'తిరగడం లేదు' అని చెంచాడు నీళ్లు పోసేస్తారు. పోయకండి, మొత్తం పాడవుతుంది. అర నిమిషం తిప్పి ఆపడం, అంచులు గీకడం, మళ్లీ తిప్పడం. మిక్సీ వేడెక్కితే కాసేపు మీరూ కూర్చోండి. ఆరేడుసార్లు అయ్యేసరికి పల్లీల్లో ఉన్న నూనె తనంతట తనే బయటికొచ్చి ముద్ద నున్నగా జారుతుంది. పల్లీ బరువులో దాదాపు సగం నూనే మరి.

ఇందులో రెండు పెద్ద చెంచాల వెన్న, జల్లించిన పంచదార పొడి అర కప్పు, పావు చెంచా ఉప్పు కలపండి. కొన్న వెన్నలో ఉప్పుంటే విడిగా వేయక్కర్లేదు. ముద్ద మరీ జారుగా ఉంటే రెండు చెంచాల పాలపొడి వేస్తే దగ్గరపడుతుంది. బెల్లం వేయొచ్చా అని అడుగుతారు. పాకం వద్దు. బాగా ఎండిన బెల్లం పొడి అయితే వేయండి, పంటికి కాస్త పలుకు తగులుతుంది, అదీ బాగానే ఉంటుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, చిన్న ఉసిరికాయంత ఉండలు చుట్టి, బటర్ పేపర్ పరిచిన పళ్లెంలో మళ్లీ ఓ ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

ఏ చాక్లెట్?

బజార్లో స్లాబులు రెండు రకాలు. ఒకటి అసలు చాక్లెట్. దాని ప్యాకెట్ మీద కోకో బటర్ అని ఉంటుంది. రెండోది కాంపౌండ్. అందులో కోకో వెన్న బదులు పామ్ లాంటి వనస్పతి నూనెల కొవ్వు ఉంటుంది. చవక, తేలిగ్గా గట్టిపడుతుంది, అందుకే మిఠాయి క్లాసుల్లో ఎక్కువగా ఇదే వాడతారు. 2024లో ప్రపంచ మార్కెట్లో కోకో గింజల ధర టన్ను పదివేల డాలర్లు దాటిన తర్వాత ఈ రెండింటి మధ్య ధర తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది. కాంపౌండ్ వాడితే తప్పని నేననను. కానీ ఏది కొంటున్నామో చదివి కొనాలి. అసలుది నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది. రెండోది అంగిట్లో మైనంలా కాస్త నిలుస్తుంది.

అన్నట్టు, దేశంలో కోకో పండించడంలో ముందున్నది మన ఆంధ్రప్రదేశే. ఏలూరు, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా వేస్తారు. కాయలు కొమ్మల చివర కాదు, మానుకే అతుక్కుని కాస్తాయి. అటువైపు బస్సులో వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూడండి.

చుక్క నీరు చాలు

నా మొదటి ప్రయత్నం పాడైంది ఇక్కడే. 250 గ్రాముల డార్క్ చాక్లెట్‌ని సన్నగా తరగండి. పెద్ద గిన్నెలో రెండంగుళాల నీళ్లు మరిగించి స్టవ్ ఆపేయండి. దానిమీద పొడిగా తుడిచిన ఇంకో గిన్నె పెట్టండి. అడుగు నీళ్లకి తగలకూడదు. ఆవిరి పక్కనుంచి ఎగదన్ని చాక్లెట్‌లో పడకూడదు. చెంచాకి తడి ఉన్నా, చెయ్యి కడుక్కుని తుడుచుకోకపోయినా అంతే సంగతులు. చాక్లెట్ అంటే కొవ్వులో తేలే కోకో పొడీ పంచదారా. చుక్క నీరు పడితే అవి తడిసి ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడతాయి. అలా గడ్డకడితే పారేయకండి. వేడి పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే మంచి సాస్ అవుతుంది. మేము ఆ వారమంతా అరటిపండు ముక్కల మీద పోసుకు తిన్నాం.

కాంపౌండ్ అయితే కరిగితే చాలు. అసలు చాక్లెట్‌కి ఇంకొంచెం ఓపిక కావాలి. తరిగినదాంట్లో మూడో వంతు పక్కన పెట్టుకుని మిగతాది కరిగించండి. కిందికి దించి, పక్కన పెట్టింది కొంచెం కొంచెంగా వేస్తూ కలుపుతూ ఉండండి. కింది పెదవికి ఒక చుక్క తాకిస్తే గోరువెచ్చగా కూడా కాదు, రవ్వంత చల్లగా తగలాలి. థర్మామీటర్ ఉంటే 31, 32 డిగ్రీలు. ఈ పని చేయకపోతే కోకో వెన్న సరిగ్గా పేరుకోక, ఆరిన తర్వాత పైన బూడిద రంగు చారలు వస్తాయి, చేత్తో పట్టుకుంటే అంటుకుంటాయి. ఆ చారలు బూజు కాదు, తినొచ్చు. చూడ్డానికే బాగోదు.

ఫ్రిజ్‌లోంచి తీసిన ఉండల్ని అయిదు, పది నిమిషాలు బయట ఉంచి ముంచండి. మరీ చల్లటివి ముంచితే పూత పగుళ్లు తీస్తుంది. ఫోర్క్ మీద ఉండని పెట్టి ముంచి, అంచుకి తట్టి, పేపర్ మీదకి జార్చండి. ఇంకో మాట. కోకో వెన్న దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెలలో బెజవాడ మధ్యాహ్నం ఈ వంట పెట్టుకుంటే మీరు కరిగించక్కర్లేదు, అదే కరిగి కూర్చుంటుంది. చలికాలమైతే సరేసరి, ఎండాకాలమైతే తెల్లవారుజామున చేసుకోండి.

గాలి చొరని డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో రెండు వారాలుంటాయి. డబ్బా బయటికి తీశాక మూత వెంటనే తీయకండి. అరగంట ఆగితే చెమ్మ డబ్బాకే పడుతుంది, చాక్లెట్‌కి పట్టదు. ఒక్కో ఉండలో కేలరీలు వంద దాటుతాయి, రోజుకి ఒకటి చాలు. ఈ మాట పిల్లల కన్నా మావారికే ఎక్కువసార్లు చెప్పాల్సొచ్చింది.

పడని పిల్లలు

'మన పిల్లలకి పల్లీలు పడకపోవడమేమిటి, అదంతా అమెరికా జబ్బు' అని మా అత్తగారు తేల్చేశారు. అక్కడితో పోలిస్తే ఇక్కడ వినబడేది తక్కువే. లేకపోలేదు. పల్లీ తిన్న కొద్ది నిమిషాల్లో ఒంటిమీద దద్దుర్లు, పెదవులు, కళ్లు వాయడం, వాంతులు, గొంతు బిగుసుకున్నట్టు ఉండటం, ఊపిరి ఆడకపోవడం - ఇవీ గుర్తులు. ఊపిరి ఇబ్బందిగా ఉంటే మజ్జిగ తాగించి చూద్దాం, కాసేపు ఆగుదాం అని కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అలాంటప్పుడు ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ ఇంజెక్షనే. ఒకసారి దద్దుర్లతో పోయింది కదా అని రెండోసారి కూడా అంతటితో పోతుందని లేదు. 'కొంచెం కొంచెం అలవాటు చేద్దాం' అని ఇంట్లో సొంత ప్రయోగాలు అసలే వద్దు, డాక్టర్ చెప్పినట్టే చేయాలి. అయిదేళ్లలోపు పిల్లలకి విడి పల్లీ గింజలు ఇవ్వకండి. అది ఎలర్జీ కాదు, గొంతుకి అడ్డం పడే భయం.

పండగలకీ, పుట్టినరోజులకీ ఇంట్లో చాక్లెట్లు చేసి అమ్ముతున్న ఆడవాళ్లు ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ ఉన్నారు. పెద్ద షాపుల సరుక్కి దీటుగా చేస్తున్నారు, సంతోషం. అమ్మకానికైతే ఇంట్లో చేసినా ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ ఉండాలి. పెట్టె మీద రిబ్బన్ కట్టే ముందు 'ఇందులో పల్లీలున్నాయి, పాలున్నాయి' అని ఒక చీటీ అంటించండి. జీడిపప్పు, బాదం, నువ్వులున్నా రాయండి. ఆ చీటీ వల్ల ఒక పెట్టె తక్కువ అమ్ముడుపోయినా పోనివ్వండి.

కింది ఫ్లాట్ బాబుకి ఆ తర్వాత వేరేగా చేశాను. 200 గ్రాముల ఎండు కొబ్బరి కోరు, అర టిన్ను కండెన్స్‌డ్ మిల్క్ కలిపి ఉండలు చుట్టి ముంచితే అయిపోయింది. వాళ్లమ్మని పిలిచి చాక్లెట్ ప్యాకెట్ చేతిలో పెట్టాను. కొన్ని ప్యాకెట్ల మీద పల్లీలు, ఇతర గింజల ఆనవాళ్లు ఉండొచ్చని చిన్న అక్షరాల్లో రాసుంటుంది. ఆవిడ మొదట తెచ్చినదాన్ని వద్దంది. ఇంకోటి తెచ్చాను. పల్లీ తగిలిన మిక్సీ జార్, గిన్నెలు ముట్టుకోకుండా వేరే గిన్నెల్లో, వేరే రోజు చేశాను.

మా అక్క కూతురికి ఫోన్ చేసి ఇదంతా చెబితే, "పిన్నీ, నువ్వు ఉండ మొత్తం ముంచేశావా? నేను చూపించినప్పుడు పైన కొంచెం వదిలేశాను కదా!" అంది. నిజమే. నేనే గమనించలేదు. ఒహాయోలో వీటిని బకై అంటారట. వాళ్ల రాష్ట్ర వృక్షం పేరు. దాని గింజ నల్లగా, ఒక పక్క లేత రంగు మచ్చతో జింక కన్నులా ఉంటుంది. అసలు గింజ విషం, తినకూడదు. దాన్ని పోలి ఉండాలని ఉండని పుల్లకి గుచ్చి, పైన రూపాయి బిళ్లంత చోటు వదిలి చాక్లెట్‌లో ముంచుతారు.

ఇప్పుడు మా ఇంట్లో పల్లీ ఉండలన్నీ అలాగే. పైన గుండ్రంగా పల్లీ రంగు కనబడుతుంది. నిండా ముంచినవి కొబ్బరివి, వాటి డబ్బా వేరు. మా చిన్నది ఇప్పుడు పళ్లెం పట్టుకెళ్లినా తలుపు దగ్గరే ఆగి, "ఆంటీ, ఇవి పల్లీవి. మీ ఇంట్లో అందరికీ పడతాయా?" అని అడిగి గానీ ఇవ్వదు.