దాదాజాన్ పాత కారు: విప్పేది ఒక్క రోజులో, బిగించేది ఏళ్లలో

బ్యారక్స్ అనే మాట నోళ్లలో నలిగి బార్కస్ అయింది. నిజాం కొలువులో చేరిన యెమెన్ అరబ్ సైనికులు కాపురం పెట్టిన ఈ పేటలో పెద్ద సహన్ ఉన్న ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అలాంటి సహన్‌లో ఓ మూల, టార్పాలిన్ కింద, దాదాజాన్ నడిపిన కారు ఒకటి ఉందనుకోండి. గల్ఫ్ నుంచి వచ్చిన కొడుకు చేతిలో కాస్త డబ్బుంది, రెండు నెలల సెలవుంది, ఫోన్‌లో నాలుగు వీడియోలు కూడా చూశాడు. "మెకానిక్ ఎందుకు, ఇంట్లోనే విప్పి బాగు చేసుకుందాం" అంటాడు.

ఆలోచన మంచిదే. అయితే కారు విప్పడానికి ఒక సెలవు రోజు చాలు. ఆరు నెలలు గడిచాక ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు, డబ్బు అయిపోతుంది, సెలవూ అయిపోతుంది. అంతవరకు కారుగా నిలబడి ఉన్నది గోనెసంచుల్లోకి చేరుతుంది. చివరికి కబాడీవాలా తూకం వేసి పట్టుకెళతాడు. నిలబడి ఉన్న పాత కారుకు కారు ధర పలుకుతుంది. విప్పిన ముక్కలకు పలికేది ఇనుము ధరే. అందుకే స్పానర్ పట్టక ముందే, ఈ కారును తిరిగి ఎలా బిగిస్తామన్నది తేల్చుకోవాలి.

ముందు కాగితాలు

కారు ఎవరిది అన్నది మొదటి ప్రశ్న. ఆర్సీ దాదాజాన్ పేరు మీదే ఉండి ఆయన కన్నుమూసి ఉంటే, ఆ కారు వారసులందరిదీ. షరియత్ ప్రకారం కూతుళ్లకూ అందులో వాటా ఉంటుంది. ఖర్చు పెట్టేది ఒక కొడుకే కావచ్చు. అయినా అత్తయ్యలు, బాబాయిల సమ్మతి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ఈ రోజు పనికిరాని ఇనుము అనుకున్నది రేపు రంగేసి మెరుస్తుంటే మాట మారిపోతుంది. బంధుత్వాలు చెడేది అక్కడే.

చట్టం ప్రకారం యజమాని చనిపోతే 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలపాలి, మూడు నెలల్లోగా ఫారం 31లో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. ఏళ్లు గడిచిపోయి ఉంటే ముందుగా ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి దారి కనుక్కోవాలి. ఆర్సీ మీదున్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కారు మీదున్న వాటితో కలుస్తున్నాయో లేదో చూడాలి. కలవకపోతే పని మొదలుపెట్టవద్దు.

ఇంట్లో విప్పడానికి ఏ కారు అనుకూలం?

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లకు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే ఎముకల గూడు. దాని అడుగు భాగం తుప్పు పడితే కోసి వెల్డింగ్ చేయాలి, అది ఆరితేరిన చేతుల పని. ఇంటి పనికి వీటికంటే అనువైనది స్టాండర్డ్ హెరాల్డ్.

ఇంగ్లండ్‌లో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ను 1961 నుంచి మద్రాసు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ తయారు చేసింది. 948 సీసీ ఇంజిన్, మొదట రెండు తలుపులు. 1968లో వచ్చిన నాలుగు తలుపుల మార్క్ 3 మన దేశం కోసమే చేసినది. 1972లో గజెల్ పేరుతో మరో రూపం వచ్చింది, 1977తో అదీ ఆగిపోయింది.

ఈ కారుకు ఒక స్పోర్ట్స్ కారు తమ్ముడు ఉన్నాడు. 1962 నుంచి 1980 దాకా తయారైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టిగా చేసి కట్టినది. రెండింటినీ గీసింది ఇటలీ డిజైనర్ జియోవన్నీ మికెలొట్టీయే. ఇంజిన్ కుటుంబం ఒకటే, ముందు సస్పెన్షన్ ఒకే తీరు, వెనక ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అడ్డంగా పరుచుకున్న కమాను పట్టీ కూడా ఒకే తీరు. అందుకే బ్రిటన్‌లో ఈ కార్ల ప్రేమికుల కోసం ఇప్పటికీ కొత్తగా తయారవుతున్న విడిభాగాలు చాలావరకు హెరాల్డ్‌కూ పనికొస్తాయి.

హెరాల్డ్ పుట్టిన కాలంలో ఆ కంపెనీకి పూర్తి బాడీ చేసిచ్చే ఫ్యాక్టరీ దొరకలేదు. బాడీలు చేసే సంస్థను పోటీ కంపెనీ కొనేసింది. దాంతో బాడీని ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించి, విడిగా ఉన్న ఛాసిస్ మీద బోల్టులతో బిగించారు. ఆనాటి ఇబ్బందే ఈనాడు ఇంట్లో పని చేసేవాళ్లకు వరమైంది. బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది. స్పానర్లు, నలుగురు మనుషులు ఉంటే బాడీ భాగాలను ఎత్తి పక్కన పెట్టవచ్చు.

విప్పే రోజు

ఈ కార్ల బోల్టులు అంగుళాల లెక్కలో ఉంటాయి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 12 నంబర్ స్పానర్ పట్టదు, 13 వదులవుతుంది. వదులు స్పానర్‌తో తిప్పితే తుప్పు పట్టిన బోల్టు తల గుండ్రమైపోతుంది, ఆ ఒక్క బోల్టు కోసం సగం రోజు పోతుంది. 7/16, 1/2, 9/16 అంగుళాల స్పానర్లు, రింగులు రాణిగంజ్‌లో గానీ పుత్లీబౌలిలో గానీ వెతికి కొనుక్కున్నాకే పని మొదలుపెట్టాలి.

ప్రతి భాగాన్నీ విప్పక ముందు ఒక ఫొటో, విప్పాక ఒకటి తీయాలి. బోల్టులను ఒకే డబ్బాలో పోయకూడదు. ఒక్కో భాగానికి ఒక్కో సంచి పెట్టి, దాని మీద తేదీ, ఏ భాగం, ఎన్ని బోల్టులు అని చెరగని పెన్నుతో రాయాలి. వైర్లకు రెండు చివరలా చీటీ కట్టాలి. పాత బ్రిటిష్ కార్లలో రంగులకు అర్థం ఉంటుంది. గోధుమ రంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, నలుపు ఎర్త్, తెలుపు ఇగ్నిషన్, నీలం హెడ్‌లైట్లకు. కొన్ని కార్లలో బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. చూడకుండా మామూలు పద్ధతిలో కలిపితే కరెంటు సామాను కాలిపోతుంది.

చెడిపోయిన భాగాన్ని కూడా పారేయకూడదు. కొత్తది కొనేటప్పుడు, లేత్ మీద చేయించేటప్పుడు కొలత ఇచ్చేది అదే.

తుప్పు, ఇంజిన్

పైన మెరిసే రంగును నమ్మవద్దు. చిన్న అయస్కాంతం బాడీ మీద నడిపించి చూడండి. అతుక్కోని చోట ఇనుము లేదు, పుట్టీ ఉంది. హెరాల్డ్‌లో ఛాసిస్ నుంచి పక్కలకు చాచిన కమ్మీలు ముందుగా తుప్పు పడతాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగినచోట కొత్త ఇనుము వేయాల్సిందే. బాడీ ఎత్తక ముందే ఛాసిస్‌ను మూలకు మూల కొలిచి రాసుకోవాలి. రెండు కొలతలు కలవకపోతే ఛాసిస్ వంగిందని అర్థం. వంగిన దాని మీద తలుపులు ఎప్పటికీ సరిగా పడవు.

ఏళ్ల తరబడి ఆగిన ఇంజిన్‌ను సెల్ఫ్ కొట్టో, కారు తోసో తిప్పే ప్రయత్నం చేయకూడదు. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పల్చటి ఆయిల్ పోసి, కొన్ని రోజులు వదిలేసి చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. ఈ ఇంజిన్‌కు పేరుమోసిన జబ్బు ఒకటుంది. క్రాంక్ షాఫ్ట్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే అర్ధచంద్రాకారపు వాషర్లు వెనక బేరింగ్ దగ్గర ఉంటాయి. అవి అరిగి జారిపడితే ఇంజిన్ లోపలే కోసుకుపోతుంది. ఒకరు క్లచ్ తొక్కుతుంటే ముందున్న పుల్లీని గమనించండి. అది కంటికి కనిపించేంతగా కదిలితే ఇంజిన్ దించాల్సిందే. కొత్త వాషర్లు వేసేటప్పుడు గాడులున్న వైపు క్రాంక్‌కు ఎదురుగా ఉండాలి.

సిలిండర్ బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ ఇంట్లో జరిగే పనులు కావు. వాటిని మంచి లేత్ ఉస్తాద్‌కు ఇవ్వాలి. కొత్త పిస్టన్లు చేతికి వచ్చాకే బోరింగ్ చేయించాలి. ముందే చేయించి, ఆ సైజు పిస్టన్లు దొరకకపోతే ఖర్చు రెట్టింపవుతుంది.

పిల్లలు తిరిగే ఇల్లు

సహన్ కార్ఖానా కాదు, అక్కడ పిల్లలు ఆడుకుంటారు. ఒక్క జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, స్టాండ్లు తప్పనిసరి. ఖాళీ పెట్రోల్ ట్యాంకుకు కూడా ఇంట్లో వెల్డింగ్ చేయకూడదు, లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. వెనక కమాను పట్టీ బిగువు మీద ఉంటుంది, తగిన పనిముట్టు లేకుండా వదిలితే ఎగిరి తగులుతుంది. పాత బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారేయాలి.

బ్రేకుల విషయంలో పొదుపు పనికిరాదు. రబ్బరు గొట్టాలు, వాషర్లు అన్నీ కొత్తవే వేయాలి. బ్రేక్ ఆయిల్ బదులు ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బరు ఉబ్బిపోతుంది.

తిరిగి బిగించే వరుస

ముందుగా ఛాసిస్ బాగుచేసి రంగు వేయాలి. తర్వాత సస్పెన్షన్, బ్రేక్ పైపులు, ఆపైన ఇంజిన్, గేర్‌బాక్స్. ఆ తర్వాతే బాడీ. రంగు వేయక ముందు బాడీ అంతా ఒకసారి ఉత్తినే బిగించి చూడాలి. తలుపులు, బానెట్ సందులు సమానంగా వచ్చాక మళ్లీ విప్పి రంగు వేయాలి. ఈ మెట్టు దాటేసి రంగుకు వెళితే, తలుపు సరిచేసే ప్రతిసారీ రంగు ఊడుతుంది. సిలిండర్ హెడ్ నట్లు మధ్య నుంచి బయటికి, మాన్యువల్ చెప్పినంత బిగువుతో, విడతలుగా బిగించాలి. ఒక భాగం పూర్తయ్యాకే మరో భాగం ముట్టుకోవాలి.

ఇంజిన్ మార్చేద్దామంటే?

"పాత ఇంజిన్ ఎందుకు, మారుతి ఇంజిన్ వేసేద్దాం" అనేవాళ్లు దొరుకుతారు. అక్కడ ఆగి ఆలోచించాలి. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటిన సొంత కార్లు, మోటార్ సైకిళ్లను వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చని వాటికే ఆ హోదా దక్కుతుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. అయితే ఆ నంబరుతో రోజూ బజారుకు తిరగడం కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే తీయాలి. రోజూ నడపాలా, వారసత్వంగా దాచుకోవాలా అన్నది ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

పాత కారు విలువ దాని అసలు రూపంలోనే ఉందనడానికి నిదర్శనం పాతబస్తీలోనే ఉంది. మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చి, 1911లో ఆయన కన్నుమూశాక ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో నగరానికి చేరిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. పని మొదలుపెట్టే ముందు పిల్లలను తీసుకుని ఒకసారి వెళ్లి రండి.

దాదాజాన్ కారుకు అంత ధర పలకదు. కానీ ఆయన కూర్చున్న సీటు, ఆయన చేయి పట్టిన స్టీరింగ్ ఆ ఇంటికి ఇంకెక్కడా దొరకవు. డబ్బు, చోటు, తీరిక ఇప్పుడు లేకపోతే తొందరేం లేదు. టైర్ల కింద ఇటుకలు పెట్టి, బ్యాటరీ తీసేసి, టార్పాలిన్ కింద గాలి ఆడేలా కప్పి ఉంచండి. విప్పకుండా కాపాడిన కారును తర్వాతి తరం బాగు చేసుకోగలదు.