జిప్సం పలకల గోడలు: ఉద్దానపు ఇండ్లకు ఏవి తగును?

టెక్కలి పరిసరముల నీలి గ్రానైటు ఎంతటి ప్రసిద్ధి గాంచినను, ఇంటిలోని గదులను విభజించుటకు రాతికంటె తేలికయైన పదార్థమే అనుకూలము. రెండు మందపు కాగితముల నడుమ జిప్సమును పోసి ఆరబెట్టిన పలకలను సన్నని ఇనుప చట్రమునకు మరలతో బిగించి, అతుకుల వెంబడి పట్టీ అంటించి లప్పము పూసినచో, తాపీపనితో నిమిత్తము లేకయే డ్రైవాల్ సిద్ధమగును.

శయనగృహములకు సాధారణ పలక చాలును. వంటగదికి నీటిని పీల్చుకొననీయని ద్రవ్యము కలిపిన, ప్రాయికముగా ఆకుపచ్చ కాగితము గల పలక మేలు. స్నానాలగదిలో నేరుగా నీరు పడుచోట సిమెంటు పలకయే శరణ్యము. జిప్సము బరువులో సుమారు 21 శాతము నీరే యగుటచేత, అది వేడికి ఆవిరియగుచు మంటను ఆలస్యము చేయును. గాజుపీచు కలిపిన గులాబిరంగు పలక మరింతసేపు నిలుచును.

2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను కూల్చిన తిత్లీ తుపానును చూచిన మనము, జిప్సమును వెలుపలి గోడకు ఎన్నడును వాడరాదు. ఉప్పుగాలి ఇనుమును తినివేయును గనుక జింకుపూత గల చట్రమునే కోరవలెను. పైకప్పు కారుట మాన్పింపక పలక బిగింపరాదు. గృహస్థులు వెలను అడుగుటకు ముందు, పలకపై ముద్రించిన రకమును తప్పక చదువవలయును.