అప్పు - అంగడి

పైరు పెట్టువాడు రైతు. ఆ పంటకు ధర కట్టువాడు మాత్రము చాలకాలము వేరొకడుగా నుండెను. ఇట్లేల జరిగెనో తెలియవలెనన్న, రైతు ఇంటికి డబ్బు ఎప్పుడు వచ్చును, ఎప్పుడు పోవును అను విషయమును మొదట గమనింపవలెను.

తొలకరి నాటికి విత్తనములు, ఎరువులు, కూలి కావలయును. అప్పటికి నిరుటి ధాన్యము గాదెలో అడుగంటియుండును. కొత్త పంట చేతికి వచ్చుటకు నాలుగైదు మాసములు పట్టును. ఈ నడిమికాలమునకే అప్పు అవసరమగును. కర్మాగారము పెట్టువాడును అప్పు తెచ్చుకొనుచున్నాడు. అందు తప్పేమియు లేదు. అది ఎవరి వద్ద, ఏ షరతుపై దొరకుచున్నదను దానిలోనే చిక్కంతయు నున్నది.

పూర్వము పెక్కు గ్రామములలో అప్పిచ్చువాడు షావుకారు. పంట కొనువాడును అతడే. పంట తనకే అమ్మవలెనను మాట పత్రములో వ్రాసినను వ్రాయకున్నను ఇద్దరికిని తెలిసియే యుండెడిది. కల్లములో రాశి పోసిన దినములలో ఊరందరి ధాన్యమును ఒక్కమారే వచ్చును గనుక ధర దిగియుండును. కొన్నాళ్లు ఆగి అమ్ముదమన్న బాకీ ఆగదు. కాటా షావుకారుది, రాళ్లు షావుకారువి. తరుగనియు కమీషననియు తీసివేయు లెక్కయు అతనిదే. ధాన్యమునే అప్పుగా కొలిచి, పంటనాడు ఒకటికి ఒకటిన్నర పుచ్చుకొనుటయు కలదు. దీనిని నాగు అందురు. వడ్డీ ఎంతయని అడిగినచో కాగితముపై నున్న అంకెను చెప్పెడివారు. తూకములోను ధరలోను పోయినదానిని ఆ అంకెకు కలిపి చూచినవారు అరుదు.

షావుకారులందరును దుర్మార్గులనుట న్యాయము కాదు. ఇంట జబ్బుచేసి అర్ధరాత్రివేళ పోయినను తలుపు తీసి డబ్బిచ్చువాడు ఊరిలో అతడొక్కడే. తిరిగిరాని బాకీలును అతనికుండెడివి. కాని రైతు తట్టుటకు రెండవ తలుపు లేకపోయెను.

ఈ స్థితి ఎంతవరకు పోగలదో 1875లో దేశమునకు తెలిసినది. అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచున్న కాలమున మన ప్రత్తికి గిరాకి హెచ్చి, దక్కను రైతులకు అప్పులు ధారాళముగా దొరికెను. 1865లో యుద్ధము ముగియగా ప్రత్తి ధర పడిపోయెను. అప్పులు మాత్రము నిలిచెను. 1875 మే నెలలో పుణె జిల్లా సూపా గ్రామమున రైతులు గుమిగూడి షావుకారుల ఖాతా పుస్తకములను, పత్రములను తగులబెట్టిరి. అలజడి అహమదునగరు జిల్లాకును ప్రాకెను. 1879లో ప్రభుత్వము ఒక శాసనము చేసి, పత్రములోని అంకెనే నమ్మక అసలు ఎంత ఇచ్చిరో విచారించు అధికారమును న్యాయస్థానములకిచ్చెను. మంచిదే. అయినను మరుసటి తొలకరికి డబ్బెక్కడిది? ఆ ప్రశ్నకు శాసనములో జవాబు లేదు.

జవాబును వెదకుటకు మదరాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారిని నియమించెను. ఐరోపాలోని గ్రామ పరపతి సంఘములను పరిశీలించి, 1895లోను 1897లోను ఆయన నివేదికలు సమర్పించెను. జర్మనీలో రైఫైజన్ నెలకొల్పిన సంఘములు ఆయనకు నచ్చెను. ఒక ఊరివారు ఒకరి నడవడిని ఒకరెరుగుదురు గనుక, అందరును కలిసి పూచీపడి, తక్కువ వడ్డీకి డబ్బు తెచ్చి పంచుకొనుటయే అందలి కిటుకు. 1904లో సహకార పరపతి సంఘముల శాసనము వచ్చెను.

దాదాపు ఏబది సంవత్సరములలో సగము దేశమైనను మారియుండునని మీరనుకొందురు. 1951లో రిజర్వు బ్యాంకు గోర్వాలా అధ్యక్షతన ఒక సంఘమును నియమించి 75 జిల్లాలలో, 600 గ్రామములలో సర్వే జరిపించెను. 1954లో వెలువడిన నివేదిక ప్రకారము రైతులు తెచ్చిన ప్రతి నూరు రూపాయల అప్పులో సహకార సంఘముల పాలు 3.1 రూపాయలు, ప్రభుత్వము పాలు 3.3, వాణిజ్య బ్యాంకుల పాలు ఒక రూపాయి కూడ లేదు. వడ్డీ వ్యాపారుల పాలు సుమారు 70 రూపాయలు!

ఈ సంఘము చేసిన గొప్ప పని యేమనగా, అప్పును అంగడి నుండి విడదీసి చూడకుండుట. సంఘము అప్పిచ్చినను పంట పాత కాటా మీదికే పోయినచో లాభము లేదు. కావున ప్రభుత్వము సహకార సంఘములలో వాటాదారు కావలెననియు, అప్పిచ్చుటను పంట విక్రయముతో ముడిపెట్టవలెననియు, గిడ్డంగులు కట్టవలెననియు సంఘము చెప్పెను. 1955 జూలై 1వ తేదీన ఇంపీరియల్ బ్యాంకు, స్టేట్ బ్యాంకుగా మారి పల్లెల సమీపమునకు శాఖలను తెచ్చెను. 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడెను.

గిడ్డంగి చేయు మేలును లెక్కవేసి చూడుడు. ఒక రైతునకు 20 క్వింటాళ్ల ధాన్యమున్నదనుకొందము. కోతల నాటి ధర క్వింటాలుకు 2,000 రూపాయలు. అతడు అప్పుడే అమ్మక, ధాన్యమును గిడ్డంగిలో నుంచి రసీదు తీసికొనును. ఆ రసీదును తాకట్టుపెట్టి బ్యాంకులో 30,000 రూపాయలు తెచ్చి అత్యవసరములు తీర్చుకొనును. మూడు నెలలకు ధర 2,200 అయినచో 44,000 వచ్చును. వడ్డీ, అద్దె కలిసి 1,200 పోయినను 2,800 మిగులును. ధర దిగినచో నష్టమే. గిడ్డంగి ధరను పెంచలేదు. అమ్ము దినమును ఎన్నుకొను స్వేచ్ఛను మాత్రమిచ్చును.

అంగడి సంస్కరణము కొంత ముందే మొదలయ్యెను. హైదరాబాదు రాజ్యమున 1930లోను, మదరాసులో 1933లోను విపణి శాసనములు వచ్చెను. 1966లో ఆంధ్రప్రదేశమంతటికి ఒకే శాసనమయ్యెను. మార్కెట్టు యార్డులో రాశిని అందరి యెదుట పోయుదురు; వర్తకులు పోటీపడి ధర చెప్పుదురు; తూచువానికి లైసెన్సు ఉండవలెను. నిజామాబాదు పసుపు మార్కెట్టు వంటి చోట్ల 2016 నుండి కంప్యూటరు ద్వారా కూడ వేలము జరుగుచున్నది.

1969లో 14 పెద్ద బ్యాంకులు జాతీయమయ్యెను. 1982లో నాబార్డు వచ్చెను. 2019 నాటి జాతీయ సర్వేలో వ్యవసాయ కుటుంబముల బాకీలలో 69.6 శాతము బ్యాంకులు, సహకార సంఘములు, ప్రభుత్వము మొదలగు సంస్థలవి. వడ్డీ వ్యాపారులవి 20.5 శాతము. అంకెలు దాదాపు తలక్రిందులైనవి.

అయినను ఈ అంకెలు అందరికిని సమానముగా వర్తింపవు. బ్యాంకు మొదట అడుగునది భూమి కాగితము. కౌలుదారునకు అది లేదు. 2011లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కౌలుదారులకు రుణార్హత కార్డులిచ్చు చట్టమును చేసెను. ఆ కార్డు ఒక సంవత్సరమునకే చెల్లెడిది. కౌలుదారు పేరు కాగితమున కెక్కినచో భూమి పోవునేమోయని యజమాని జంకును. అదే పొలముపై యజమాని ముందే అప్పు తీసికొనియుండునేమోయని బ్యాంకు జంకును. ఇంతలో వాన కురియును. కౌలుదారు ఎరువుల కొట్టునకు పోయి సరకు అరువు తెచ్చుకొనును. కోతలు కాగానే పంటను ఆ కొట్టువానికే తూచి ఇచ్చును.