మాధాపర్ అక్కలు బాగుచేసిన విమానాల బాట



పొద్దున లేచిన దగ్గర నుంచి మనం చేసే పనులు ఒకసారి గుర్తు చేసుకుందాం. వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లుతాం. పేడతో ఇల్లు అలుకుతాం. నీళ్ళు మోస్తాం. కూలికి పోతే తట్టలతో మట్టి మోస్తాం, కంకర మోస్తాం. మాలు కలిపి మేస్త్రీకి అందిస్తాం. అయినా ఎవరైనా వచ్చి "నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగితే, "నాకేం పని, ఇంట్లోనే ఉంటా" అంటాం.

సరిగ్గా ఇవే పనులు ఒకసారి యుద్ధంలో మన దేశాన్ని ఆదుకున్నాయి. ఇది కట్టుకథ కాదు. 1971లో గుజరాత్ రాష్ట్రంలో నిజంగా జరిగింది.

యుద్ధం ఎందుకు వచ్చింది?

అప్పట్లో పాకిస్తాన్ రెండు ముక్కలుగా ఉండేది. మన దేశానికి పడమట ఒక ముక్క, తూర్పున ఒక ముక్క. తూర్పున ఉన్నవాళ్ళు ఎక్కువగా బెంగాలీ మాట్లాడేవాళ్ళు. 1970 ఎన్నికల్లో వాళ్ళ పార్టీ గెలిచింది. కాని పడమటి పాలకులు వాళ్ళకు అధికారం ఇవ్వలేదు. పైగా 1971 మార్చిలో జనం మీదికి సైన్యాన్ని పంపారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సుమారు కోటిమంది మన దేశానికి వచ్చారు.

1971 డిసెంబరు 3వ తేదీ సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన విమానాశ్రయాల మీద బాంబులు వేశాయి. రెండు దేశాల మధ్య యుద్ధం మొదలైంది.

యుద్ధం అంటే సరిహద్దులో తుపాకులు పేలడమే అనుకుంటాం. కాని యుద్ధం ఇంటి గడప దాకా వస్తుంది. రాత్రిపూట దీపం వెలుగు బయటికి కనబడకూడదు. కనబడితే పైనుంచి శత్రువు విమానానికి ఊరు ఎక్కడుందో తెలిసిపోతుంది. అందుకే కిటికీలు మూసేస్తారు. చీకట్లోనే పిల్లలకు అన్నం పెట్టాలి. ఏడ్చే బిడ్డను చీకట్లోనే ఊరుకోబెట్టాలి. మన విశాఖపట్నం వాళ్ళకూ ఆ రోజులు తెలుసు. ఆ డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర సముద్రంలో మునిగిపోయింది.

భుజ్‌లో ఏం జరిగింది?

గుజరాత్‌లో కచ్ అనే జిల్లా ఉంది. పాకిస్తాన్ సరిహద్దు దానికి ఆనుకునే ఉంటుంది. ఆ జిల్లాకు ముఖ్య పట్టణం భుజ్. అక్కడ మన వైమానిక దళం విమానాశ్రయం ఉంది. యుద్ధం రోజుల్లో దాని మీద మళ్ళీ మళ్ళీ బాంబులు పడ్డాయి. డిసెంబరు 8వ తేదీ రాత్రి పడ్డ బాంబులకు విమానాల బాట గుంతలు పడిపోయింది.

విమానాల బాట అంటే ఏమిటి? దాన్ని రన్‌వే అంటారు. విమానం కాకిలాగా ఉన్నచోటి నుంచి లేవలేదు. ముందు నేల మీద చాలా వేగంగా పరుగెత్తాలి. అప్పుడే గాలిలోకి లేస్తుంది. దిగేటప్పుడు కూడా అంతే. అంత వేగంలో చక్రం ఒక గుంతలో పడిందా, విమానం బోల్తా పడుతుంది. అంటే బాట చెడితే మంచి విమానం ఉన్నా లాభం లేదు. నడిపేవాడు ఎంత ధైర్యవంతుడైనా లాభం లేదు.

భుజ్ విమానాశ్రయానికి అధికారి విజయ్ కార్ణిక్. ఆయన దగ్గర ఉన్న మనుషులు కొద్దిమందే. బాట వెంటనే బాగు కావాలి. పనివాళ్ళు చాలరు. దగ్గరలోనే మాధాపర్ అనే ఊరు ఉంది. సాయం చేయమని ఆ ఊరికి కబురు వెళ్ళింది. సుమారు 300 మంది ఆడవాళ్ళు ముందుకు వచ్చారు.

వాళ్ళు సైనికులు కాదు. మనలాంటి వాళ్ళే. ఒక తల్లి చంటిబిడ్డను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి బయలుదేరింది. తిరిగి వస్తామో రామో తెలియదు. బాంబులు పడుతున్న చోటికే కదా పోతున్నారు!

మూడు పగళ్ళు, మూడు రాత్రుళ్ళు

పని మొదలైంది. గుంతల్లోని శిథిలాలు ఎత్తారు. రాయి మోశారు. గుంతలు పూడ్చారు. సిమెంటు కలిపి పోశారు. పైన చదును చేశారు.

మధ్యమధ్య సైరన్ మోగేది. అంటే శత్రువు విమానం వస్తోందని అర్థం. సైరన్ వినగానే చేతిలో పని వదిలి పొదల్లోకి పరుగెత్తేవాళ్ళు. అక్కడే నక్కి కూర్చునేవాళ్ళు. ప్రమాదం తప్పిందని మళ్ళీ సైరన్ మోగేది. వెంటనే లేచి వచ్చి మళ్ళీ తట్ట ఎత్తుకునేవాళ్ళు. చెట్ల ఆకుల్లో కలిసిపోయేలా లేత ఆకుపచ్చ చీరలు కట్టుకోమని వాళ్ళకు చెప్పారు.

మొదటి రోజు తిండి ఏర్పాటు కూడా లేదు. ఆకలితోనే పని చేశారు. మర్నాడు దగ్గరలోని గుడి నుంచి పండ్లు, మిఠాయిలు వచ్చాయి. గోధుమపిండి, నెయ్యి, బెల్లంతో చేసే సుఖ్‌డీ అనే బిళ్ళలు, మిరపకాయలు తిని పని చేశామని వాళ్ళు తర్వాత చెప్పారు.

ఇప్పుడు పేడ సంగతి చూద్దాం. కొత్తగా పోసిన సిమెంటు పైనుంచి చూస్తే తెల్లగా కనబడుతుంది. బాట బాగయిందని శత్రువుకు తెలిస్తే మళ్ళీ బాంబు వేస్తాడు. మరి ఏం చేయాలి? బాట మీద పేడ అలికారు! అప్పుడది పైనుంచి చూస్తే మామూలు నేలలాగా ఉంటుంది. చూశారా, ఇల్లు అలికే విద్య విమానాల బాటను దాచిపెట్టింది.

72 గంటల్లో బాట తయారైంది. నాలుగో రోజు సాయంత్రం 4 గంటల ప్రాంతంలో ఆ బాట మీద నుంచి మన విమానం గాలిలోకి లేచింది. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. యుద్ధం ముగిసింది. తూర్పు ముక్క బంగ్లాదేశ్ అనే కొత్త దేశమయింది.

బహుమతి ఏం చేశారు?

ప్రభుత్వం ఈ ఆడవాళ్ళకు 50,000 రూపాయలు బహుమతిగా ఇచ్చింది. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. వాళ్ళు ఆ డబ్బు పంచుకోలేదు. ఊళ్ళో అందరికీ పనికొచ్చే ఉమ్మడి భవనానికి ఇచ్చేశారు. తర్వాత చాలా ఏళ్ళకు మాధాపర్‌లో వాళ్ళ పేరున ఒక స్మారకం కట్టారు. 2021లో ఈ సంగతి మీద హిందీ సినిమా కూడా వచ్చింది.

మంచిదే. కాని ఒక మాట ఆలోచించాలి. తట్ట మోయడం వాళ్ళకు ఆ మూడు రోజుల్లో వచ్చిన విద్య కాదు. అంతకు ముందూ మోశారు. ఆ తర్వాతా మోశారు. పేడ అలకడం కూడా అంతే. యుద్ధం వచ్చినప్పుడు అది దేశసేవ అయింది. మామూలు రోజుల్లో మాత్రం "ఆడవాళ్ళ పని" అని తేలిగ్గా తీసేస్తారు. పని మారలేదు. చూసే కన్ను మారింది. అంతే కదా?

ఇంగ్లండు ఆడవాళ్ళు అడిగిన ప్రశ్న

ఇలా జరగడం ఒక్క మన దేశంలోనే కాదు. అంతకు ముప్పై ఏళ్ళ ముందు ఇంగ్లండులోనూ, దాంతో కలిసి ఉన్న స్కాట్లండులోనూ ఇదే జరిగింది. 1939 నుంచి 1945 వరకు రెండో ప్రపంచ యుద్ధం నడిచింది. మగవాళ్ళు సైన్యంలోకి పోయారు. పొలాల్లో, ఫ్యాక్టరీల్లో మనుషులు లేరు. 1941 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసింది. 20 నుంచి 30 ఏళ్ళ లోపు పెళ్ళికాని ఆడవాళ్ళు యుద్ధానికి సంబంధించిన పనిలో చేరాలని చెప్పింది.

ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లో బాంబులు, విమానాలు తయారు చేశారు. బస్సుల్లో టిక్కెట్లు కొట్టారు. ల్యాండ్ ఆర్మీ అనే దళంలో చేరి ట్రాక్టర్లు నడిపారు, పాలు పితికారు, పంటలు కోశారు. పేరులో ఆర్మీ ఉన్నా వాళ్ళ చేతిలో తుపాకి లేదు, పార ఉంది. 1944 నాటికి ఆ దళంలో 80,000 మందికి పైగా ఉన్నారు.

పని మగవాళ్ళది. జీతం మాత్రం తక్కువ. ఎందుకు తక్కువ అంటే, ఆడవాళ్ళు కాబట్టి! 1943లో స్కాట్లండులో గ్లాస్గో నగరం దగ్గర హిల్లింగ్టన్ అనే చోట విమానాల ఇంజన్లు చేసే ఫ్యాక్టరీలో వేలాదిమంది కార్మికులు సమ్మె చేశారు. ఆడవాళ్ళకు కూడా పనికి తగ్గ జీతం కావాలన్నారు. మగవాళ్ళు చాలామంది వాళ్ళతో కలిసి నిలబడ్డారు. చివరికి ఏ మిషను మీద పనికి ఎంత రేటో రాయించుకున్నారు.

యుద్ధం అయిపోయాక చాలామంది ఆడవాళ్ళను "ఇక ఇంటికి పొండి" అన్నారు. యుద్ధంలో పిల్లల కోసం తెరిచిన శిశు కేంద్రాలు చాలావరకు మూతపడ్డాయి. సమాన పనికి సమాన జీతం అనే చట్టం ఆ దేశంలో 1970లో గాని రాలేదు.

మరి మన సంగతి?

మన దేశంలో 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. 2019లో చేసిన వేతనాల చట్టంలో కూడా అదే నియమం రాశారు. ఒకే రకం పనికి ఆడ అని తక్కువ, మగ అని ఎక్కువ ఇవ్వకూడదు. చట్టం ఆ మాట చెబుతోంది. మన కూలి చెబుతోందా? పక్కన పని చేసే మగమనిషికి ఎంత ఇస్తున్నారు, మనకెంత ఇస్తున్నారు? ఎప్పుడైనా అడిగామా?

అడగాలంటే ముందు మన పనిని మనం లెక్కపెట్టుకోవాలి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు. ఒక నోటు పుస్తకం తీసుకుందాం. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా చేసిన పనులన్నీ రాద్దాం. ఎన్ని గంటలు పట్టిందో పక్కన రాద్దాం. కూలికి పోతే ఎంత ఇచ్చారో కూడా రాద్దాం. ఒక వారం రాసి చూస్తే, "నాకేం పని" అనే మాట ఇక మన నోట రాదు.

మాధాపర్ అక్కల పనిని లెక్కలోకి తేవడానికి ఒక యుద్ధం కావలసి వచ్చింది. మన పని లెక్కలోకి రావడానికి ఒక పెన్సిలు చాలు. మొదలు పెడదాం.

చదివాక మాట్లాడుకుందాం

1. బాట మీద పేడ ఎందుకు అలికారు?
2. బహుమతి డబ్బును మాధాపర్ అక్కలు ఏం చేశారు? మీరైతే ఏం చేసేవాళ్ళు?
3. హిల్లింగ్టన్‌లో సమ్మె ఎందుకు జరిగింది?
4. మీ ఊళ్ళో ఆడకూలి ఎంత? మగకూలి ఎంత? తేడా ఎందుకుంది?
5. వరద, తుపాను, కరువు వచ్చినప్పుడు మీ ఊరి ఆడవాళ్ళు ఏమేం పనులు చేశారు? పెద్దవాళ్ళను అడిగి పది వాక్యాలు రాయండి.